పది నిమిషాలు దాటిన క్వెరీని స్క్రిప్టే కిల్ చెయ్యాలా? సైటస్ క్లస్టర్‌లో సెషన్ల కాపలా

వంశధార (గుణుపురం):

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో తేలని విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. పోస్ట్‌గ్రెస్ మీద సైటస్ (టేబుళ్లను ముక్కలు చేసి చాలా సర్వర్లకు పంచే ఎక్స్‌టెన్షన్) క్లస్టర్ నడుస్తోంది. క్వెరీలు అందుకుని పంచే కోఆర్డినేటర్ ఒకటి, డేటా ఉండే వర్కర్లు మూడు, ముందు కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంది, అంటే ఒక ట్రాన్సాక్షన్ ముగియగానే ఆ సర్వర్ కనెక్షన్ ఇంకొకరికి ఇస్తుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైస్ మిల్లుల్లో కాటా దగ్గరుండే కంప్యూటర్లు వీపీఎన్ మీదుగా నేరుగా బౌన్సర్‌కే కనెక్ట్ అవుతాయి, మధ్యలో వెబ్ సర్వర్ లేదు. ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో లోడు బాగా పెరుగుతుంది. ఘాట్ రోడ్డు వైపు లైను ఎప్పుడు పడిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రతిపాదన ఇది. కోఆర్డినేటర్ మీద నిమిషానికోసారి ఒక క్రాన్ స్క్రిప్టు నడవాలి. సెషన్లన్నీ చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీలో స్టేట్ యాక్టివ్‌గా ఉండి, క్వెరీ_స్టార్ట్ నుంచి పది నిమిషాలు దాటిన ప్రతి సెషన్‌నూ పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో తీసేయాలి. ఇది పెడితే అర్ధరాత్రి ఎవరూ లేవక్కర్లేదని కొందరంటున్నారు, పెట్టామంటే కొంప మునుగుతుందని ఇంకొందరు. ఏది సబబు? కారణంతో చెప్పండి.

నాగావళి (రాయగడ):

ఈ రూపంలో అయితే వద్దు. కిల్ చెయ్యడం తప్పని కాదు, ఈ స్క్రిప్టు లాక్ పట్టుకున్నవాణ్ని వదిలేసి వాడి వెనక నిలబడ్డవాళ్లను కొడుతుంది.

ఒక్క ఉదాహరణ తీసుకోండి. 11:02కి గుణుపురం కాటా కంప్యూటర్ టేబుల్‌లో ఒక లాట్ వరసను (రోను) అప్‌డేట్ చేసింది. కమిట్ వెళ్లేలోపు లైను పోయింది. ఇప్పుడా సెషన్ స్టేట్ ఏమిటి? యాక్టివ్ కాదు, 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్', అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఖాళీగా కూర్చుంది. వరస మీద లాక్ మాత్రం దాని చేతిలోనే ఉంది. 11:03కి అదే లాట్ మీద ఇంకో అప్‌డేట్ వచ్చి ఆగింది, దాని వెనక మరోటి. ఆగినవన్నీ యాక్టివ్‌గానే కనిపిస్తాయి. 11:13కి మీ స్క్రిప్టు లేచి వాటిని టెర్మినేట్ చేస్తుంది. వాళ్ల ప్రోగ్రామ్‌లు మళ్లీ కనెక్ట్ అయ్యి అదే క్యూలో నిలబడతాయి. అసలు సెషన్ స్క్రిప్టు కంట పడనే పడదు.

అది ఎంతసేపుంటుంది అంటారా? లైను చప్పుడు లేకుండా తెగితే అవతలివాడు పోయాడని బౌన్సర్‌కు తెలిసేది టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని పంపే ప్రోబ్‌లు) వల్లే. లైనక్స్ డిఫాల్ట్‌లో మొదటి ప్రోబ్ వెళ్లేదే 7200 సెకన్ల తర్వాత. ఆ పైన 75 సెకన్లకొకటి చొప్పున 9 ప్రోబ్‌లు. వెరసి రెండు గంటల పదకొండు నిమిషాలు ఆ లాట్ కదలదు. కాబట్టి మొట్టమొదట పీజీబౌన్సర్‌లో టీసీపీ_కీప్‌ఐడిల్ 60, టీసీపీ_కీప్‌ఇంటీవీఎల్ 10, టీసీపీ_కీప్‌సీఎన్‌టీ 3 పెట్టండి. తెగిన లైను ఒకటిన్నర నిమిషంలో తేలిపోతుంది. స్క్రిప్టు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్వెరీ_స్టార్ట్ అనేది ఐడిల్ సెషన్లలో వెనకటి క్వెరీ మొదలైన సమయం. సెషన్ ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉందో స్టేట్_ఛేంజ్ చెబుతుంది. ట్రాన్సాక్షన్ వయసు ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ చెబుతుంది. కాపలా కాయాల్సింది ఎక్స్‌యాక్ట్_స్టార్ట్‌ని.

బరంపురం_ఆప్స్:

నాగావళి గారు చెప్పిన లాక్ కేసు నిజమే. అది చూపించి టైమర్లే వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను.

రెండో రకం ప్రమాదం చూడండి. సైటస్‌లో ఏమీ మార్చకపోతే ఒక్కో టేబుల్‌కు 32 షార్డులు, అంటే ముక్కలు. ఏ వరస ఏ షార్డుకో తేల్చే డిస్ట్రిబ్యూషన్ కాలమ్ లేకుండా ఎవరైనా రిపోర్టు నడిపితే అది 32 షార్డులకూ పోతుంది. మూడు వర్కర్లంటే ఒక్కోదాంట్లో పది, పదకొండు షార్డులు. ఒక్క క్వెరీ ఒక్కో వర్కర్‌కు 16 కనెక్షన్ల దాకా తెరుచుకోవచ్చు, అది డిఫాల్ట్ హద్దు. అంటే ఒక్క రిపోర్టు ఒక్కో వర్కర్‌లో పది కనెక్షన్లు ఆక్రమించగలదు. సాయంత్రం లెక్కలు కట్టే వేళ ఎనిమిది మిల్లుల వాళ్లు ఒకేసారి అదే బటన్ నొక్కితే ఎనభై. మ్యాక్స్_కనెక్షన్స్ మార్చకుండా వంద దగ్గరే వదిలేసి ఉంటే కాటా ఎంట్రీలకు మిగిలేది ఇరవైలోపే. ఇందులో లాక్ లేదు, మీరు చెప్పిన మూల సెషన్ లేదు. ఉన్నది ఎక్కువసేపు నడిచే పని ఒక్కటే. దీన్ని వయసు చూసే ఆపాలి. మనిషి చూసి నిర్ణయించేలోపు యార్డులో లారీలు బారులు తీరతాయి.

మనిషే చూడాలనేవాళ్లు రాత్రి ఎవరు చూస్తారో కూడా చెప్పాలి.

నాగావళి (రాయగడ):

టైమర్ వద్దనలేదండి. టైమర్ ఉండాల్సిన చోటు డేటాబేస్, క్రాన్ కాదు. స్టేట్‌మెంట్_టైమవుట్ ఉన్నదే అందుకు. క్రాన్ నిమిషానికోసారి లేస్తుంది, ఒక్కోసారి కోఆర్డినేటర్‌కు కనెక్షనే దొరక్క తిరిగిపోతుంది. స్టేట్‌మెంట్_టైమవుట్ సెషన్ లోపలే ఉంటుంది, చెప్పిన సెకనుకు ఆగుతుంది, ఆగేటప్పుడు సెషన్‌ను తెంచకుండా ఒక్క స్టేట్‌మెంట్‌నే రద్దు చేస్తుంది.

అయితే అందరికీ ఒకే పది నిమిషాలు వద్దు. రోల్స్ విడదీయండి. కాటా ఎంట్రీ రోల్‌కు 15 సెకన్లు, రిపోర్టు రోల్‌కు 5 నిమిషాలు, బ్యాకప్ రోల్‌కు 0, అంటే హద్దు లేదు. వీటిని ఆల్టర్ రోల్‌తోనే పెట్టాలి. అప్లికేషన్‌లో సెట్ కమాండ్‌తో పెడితే ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఆ విలువ సర్వర్ కనెక్షన్‌కు అంటుకుని, తర్వాత అదే కనెక్షన్ దొరికినవాడి నెత్తిన పడుతుంది. అప్లికేషన్ నుంచే పెట్టాల్సి వస్తే సెట్ లోకల్ వాడాలి, అదీ ట్రాన్సాక్షన్ లోపల.

స్టేట్‌మెంట్_టైమవుట్ లాక్ కోసం ఆగిన సమయాన్నీ లెక్కలో వేసుకుంటుంది. కాబట్టి 15 సెకన్ల హద్దుతో ఆగిన కాటా ఎంట్రీ నెమ్మదైన క్వెరీ అని అనుకోవద్దు. ముందు లాక్ చూడండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇద్దరూ కోఆర్డినేటర్ వైపు నుంచే మాట్లాడుతున్నారు. సైటస్‌లో వరస లాక్ ఉండేది వర్కర్ మీదున్న షార్డ్‌లో. కోఆర్డినేటర్‌లో ఆగిన సెషన్‌ను చూస్తే లాక్ అన్న మాట కనిపించదు, వర్కర్ జవాబు కోసం చూస్తున్నట్టే ఉంటుంది. అక్కడ పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అడిగితే ఖాళీ వస్తుంది. అది చూసి 'బ్లాకింగ్ ఏమీ లేదు, క్వెరీయే నెమ్మది' అని తీర్మానించేస్తారు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు.

చూడాల్సినవి రెండు. సైటస్_స్టాట్_యాక్టివిటీ అన్ని నోడ్‌ల సెషన్లనూ ఒకచోట చూపిస్తుంది. సైటస్_లాక్_వెయిట్స్ ఎవరు ఎవరి కోసం ఆగారో చూపిస్తుంది. రెండింటినీ కలిపేది గ్లోబల్ పిడ్, అంటే క్లస్టర్ మొత్తానికి ఒకటే అయిన సెషన్ నంబర్. ఇది సైటస్ 11 నుంచి ఉంది. నోడ్ నంబర్‌ను వెయ్యి కోట్లతో గుణించి దానికి ఆ నోడ్‌లోని పిడ్ (ప్రాసెస్ నంబర్) కలుపుతారు. నోడ్ 1లో పిడ్ 12199 అయితే గ్లోబల్ పిడ్ 10000012199. నంబర్ చూడగానే సెషన్ ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. వర్కర్‌లో దాని తరఫున నడిచే వరసలకూ అదే గ్లోబల్ పిడ్ ఉంటుంది, ఈజ్_వర్కర్_క్వెరీ ట్రూ అని వస్తుంది. అక్కడ అప్లికేషన్_నేమ్‌లో మీరు పెట్టిన పేరు ఉండదు, 'సైటస్_ఇంటర్నల్ జీపిడ్' అని ఆ నంబరే ఉంటుంది.

సైటస్_లాక్_వెయిట్స్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. వెయిటింగ్ వైపు, బ్లాకింగ్ వైపు గ్లోబల్ పిడ్‌లు వస్తాయి. బ్లాకింగ్ వైపు ఉన్నవాళ్లలో వెయిటింగ్ వైపు ఎక్కడా లేనివాడే మూలం. పది వరసలు కనిపించినా మూలం సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. మూలం పక్కన కనిపించే స్టేట్‌మెంట్ లాక్ పట్టినదే అనుకోకండి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో కనిపించేది ఆఖరున నడిచిన స్టేట్‌మెంట్. లాక్ పట్టిన అప్‌డేట్ ముందే అయిపోయి, ఆ తర్వాత ఏదో సెలెక్ట్ నడిచి ఉండొచ్చు. 'ఉత్త సెలెక్ట్ ఎలా అడ్డుపడింది' అని బుర్ర బద్దలుకొట్టుకునేది దీనివల్లే.

ఇక కొట్టడం. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్‌కు గ్లోబల్ పిడ్ ఇస్తే ఏ నోడ్ నుంచైనా పనిచేస్తుంది. కానీ క్యాన్సిల్ ఆపేది నడుస్తున్న స్టేట్‌మెంట్‌ను. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో నడుస్తున్నదేమీ లేదు కాబట్టి క్యాన్సిల్ కొట్టినా లాక్ వదలదు. దానికి టెర్మినేటే కావాలి. యాక్టివ్ రిపోర్టుకు క్యాన్సిల్ చాలు. వంశధార ప్రతిపాదనలో రెండూ తిరగబడ్డాయి, యాక్టివ్‌కు టెర్మినేట్ పెట్టి ఐడిల్‌ను వదిలేశారు.

కొట్టాల్సింది కోఆర్డినేటర్ సెషన్‌ని. వర్కర్ వరసను విడిగా కొట్టినా కోఆర్డినేటర్‌లో ఆ ట్రాన్సాక్షన్ మొత్తం ఎర్రర్‌తోనే పోతుంది, లాభం లేదు. కొట్టాక అదే గ్లోబల్ పిడ్‌తో వర్కర్లలో ఏమైనా మిగిలిందా అని ఒకసారి చూసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కిల్ మైనస్ 9 మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్క బ్యాకెండ్‌ను అలా చంపితే పోస్ట్‌గ్రెస్ ఆ నోడ్‌లోని మిగతా బ్యాకెండ్‌లన్నిటినీ దించేసి రికవరీలోకి వెళ్తుంది.

బరంపురం_ఆప్స్:

మాస్టారూ, మూలాన్ని కనిపెట్టే పద్ధతి ఇంత స్పష్టంగా ఉంటే దాన్నే స్క్రిప్టుకు నేర్పొచ్చు కదా? మూలం ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో రెండు నిమిషాలు దాటి ఉండాలి, దాని వెనక కనీసం ఒక్కరైనా ఆగి ఉండాలి. ఈ రెండూ నిజమైతేనే టెర్మినేట్. ఇప్పుడు తప్పు మనిషిని కొట్టే ప్రశ్నే లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అది మొదటి దానికంటే ఎంతో మేలు. అయినా ఆ పనికి పోస్ట్‌గ్రెస్‌లోనే సెట్టింగ్ ఉంది కదా, ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్. 9.6 నుంచి ఉంది. పీజీబౌన్సర్‌లోనూ ఐడిల్_ట్రాన్సాక్షన్_టైమవుట్ ఉంది, డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. స్క్రిప్టు ఆగిపోతే ఎవరికీ తెలీదు, సెట్టింగ్ ఆగిపోదు.

అయితే పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్‌ను కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టి వర్కర్లకు కూడా కాపీ చేస్తే ఇంకో కొత్త తలనొప్పి. కోఆర్డినేటర్ నడిపే ఒక ట్రాన్సాక్షన్‌లో మొదటి స్టేట్‌మెంట్ వర్కర్ 1కి, రెండోది వర్కర్ 2కి వెళ్లిందనుకోండి. వర్కర్ 2 పనిచేస్తున్నంతసేపూ వర్కర్ 1 కనెక్షన్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లోనే కూర్చుంటుంది. అది దాని తప్పు కాదు. అక్కడ 60 సెకన్లు పెడితే, వర్కర్ 2లో 70 సెకన్ల పని ఉన్న మంచి ట్రాన్సాక్షన్ కూడా చస్తుంది. కోఆర్డినేటర్‌లో బిగించండి, వర్కర్లలో వదులుగా ఉంచండి. ఐడిల్_సెషన్_టైమవుట్ అయితే వర్కర్లలో అసలు వద్దు. సైటస్ ప్రతి సెషన్ తరఫున వర్కర్‌కు ఒక కనెక్షన్ దాచుకుంటుంది, అది దాన్ని తెంచేస్తుంది.

లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాక్_టైమవుట్‌ది దీనికి ఎదురు కథ. ఆగేది వర్కర్‌లో కాబట్టి అక్కడే పనిచెయ్యాలి. కోఆర్డినేటర్ సెషన్‌లో సెట్ చేసింది వర్కర్‌కు దానంతటది పోదు, సైటస్‌లో ప్రాపగేట్_సెట్_కమాండ్స్ డిఫాల్ట్‌గా 'నన్'. ఒక్కో వర్కర్‌కూ ఆ రోల్‌తోనే లాగిన్ అయ్యి షో లాక్_టైమవుట్ అని అడిగి, విలువ కళ్లారా చూసుకోండి.

జయపురం_కోడ్:

డెవలపర్ వైపు నుంచి రెండు మాటలు. మొదటిది, అందరూ కిల్ గురించే వాదిస్తున్నారు, చూసే హక్కు గురించి ఎవరూ ఎత్తలేదు. అందరి సెషన్లూ చూడనిచ్చే పీజీ_మానిటర్ రోల్ మాకు ఇవ్వరు. వేరే యూజర్ సెషన్ చూస్తే క్వెరీ ఉండాల్సిన చోట 'ఇన్‌సఫిషియంట్ ప్రివిలేజ్' అని వస్తుంది. మా కోడ్ వల్లే లాక్ పడిందో లేదో మేమే చూసుకోలేకపోతే ప్రతిదానికీ డీబీఏ గారి గుమ్మం ముందు నిలబడాల్సిందే.

రెండోది, చూసినా క్వెరీ సగమే కనిపిస్తోంది. మిల్లు పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో, ఒడియాలో ఉన్న ఎంట్రీల్లో వేర్ క్లాజ్ వచ్చేలోపే తెగిపోతోంది. ఎందుకు?

నాగావళి (రాయగడ):

రెండో దానికి ముందు చెబుతాను తమ్ముడూ. ట్రాక్_యాక్టివిటీ_క్వెరీ_సైజ్ డిఫాల్ట్ 1024 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో తెలుగు గానీ ఒడియా గానీ ఒక్కో కోడ్ పాయింట్ 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు దేనికది విడిగా 3, వత్తు అయితే పొల్లు, హల్లు కలిపి 6. 'గుణుపురం' అన్న ఒక్క పేరు ఎనిమిది కోడ్ పాయింట్లు, అంటే 24 బైట్లు. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో తొమ్మిది బైట్లతో సరిపోతుంది. వంద వరసల ఇన్సర్ట్ ఒక్కసారిగా పంపితే నాలుగో మిల్లు పేరు కూడా కనిపించకపోవచ్చు. 4096 చెయ్యండి. ప్రతి నోడ్‌లో రీస్టార్ట్ అడుగుతుంది కాబట్టి కొనుగోళ్లు మొదలు కాకముందే చేసుకోవాలి. ఖర్చయ్యే మెమరీ ఆ సైజు గుణించు మ్యాక్స్_కనెక్షన్స్, మూడు వందల కనెక్షన్లకు 1.2 ఎంబీ. లెక్కలోకి రాదు.

అప్లికేషన్_నేమ్‌ను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు పెడితే పాత వెర్షన్లలో అన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి, 16 నుంచి హెక్స్ కోడ్‌లు వస్తాయి. 63 బైట్లు దాటితే కోసేస్తుంది. ఊరు, కాటా నంబర్, స్క్రీన్ పేరు ఈ మూడూ అందులో పెడితే చాలు. బౌన్సర్ వెనక క్లయింట్_అడ్రస్ ఎప్పుడూ బౌన్సర్ ఐపీయే కాబట్టి ఏ ఊరి సెషనో చెప్పేది ఈ పేరొక్కటే.

ఇక హక్కు. నేను ఇవ్వొద్దనే పక్షం. ఆ క్వెరీల్లో రైతు ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్ అక్షరాలా ఉంటాయి. పీజీ_మానిటర్ ఇచ్చామంటే అవన్నీ తెరిచి ఇచ్చినట్టే. రైతు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు అవి.

జయపురం_కోడ్:

అవి అక్షరాలా కనిపిస్తున్నాయంటే కోడ్‌లో విలువల్ని స్ట్రింగ్‌లో అతికిస్తున్నారని అర్థం. పారామీటర్ బైండింగ్‌తో పంపితే యాక్టివిటీలో డాలర్ 1, డాలర్ 2 అనే కనిపిస్తాయి. అది సరిదిద్దితే ఆధార్ సమస్యా పోతుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ భయమూ పోతుంది. రోగం అక్కడుంటే మాకు కళ్లకు గంతలు కట్టడం మందు కాదు.

నాగావళి (రాయగడ):

సరే, కోడ్ మారేదాకా మధ్యే మార్గం చూద్దాం. పీజీ_స్టాట్_యాక్టివిటీ మీద సెక్యూరిటీ డిఫైనర్ (యజమాని హక్కులతో నడిచే) ఫంక్షన్ ఒకటి రాసి, క్వెరీ కాలమ్ తీసేసి క్వెరీ_ఐడీ, స్టేట్, వెయిట్_ఈవెంట్, ఎక్స్‌యాక్ట్_స్టార్ట్, అప్లికేషన్_నేమ్ మాత్రం ఇవ్వొచ్చు. క్వెరీ_ఐడీ 14 నుంచి ఉంది. దాన్ని ఆ ఫంక్షన్‌లోనే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌తో కలిపితే విలువలు తీసేసిన క్వెరీ రూపం దొరుకుతుంది. బైండింగ్ పని ముగిశాక పూర్తి హక్కు సంగతి మళ్లీ చూద్దాం.

కోరాపుట్_కాఫీ:

ఇదంతా సైటస్ గొడవ అనుకుంటారేమో, ఇలా చాలా నోడ్‌లలో నడిచే వేరే డేటాబేస్‌లలోనూ చిక్కులు ఉన్నవే. యుగాబైట్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ మీరు కనెక్ట్ అయిన నోడ్ సెషన్లే చూపిస్తుంది, అన్ని నోడ్‌లకూ విడివిడిగా వెళ్లి అడగాల్సిందే. కాక్రోచ్‌లో షో క్లస్టర్ సెషన్స్, షో క్లస్టర్ స్టేట్‌మెంట్స్ అని అడిగితే అన్ని నోడ్‌లవీ వస్తాయి, క్యాన్సిల్ క్వెరీ ఏ నోడ్ నుంచైనా చెల్లుతుంది. ఇప్పుడు మీరు తగువాడుకున్న హక్కుకు అక్కడ వ్యూయాక్టివిటీ‌రిడాక్టెడ్ అని వేరే ప్రివిలేజే ఉంది, క్వెరీలోని విలువలు దాచి చూపిస్తుంది. టైడీబీలో ప్రాసెస్‌లిస్ట్ ఒక సర్వర్‌ది, క్లస్టర్_ప్రాసెస్‌లిస్ట్ అందరిదీ. 6.1కి ముందు లోడ్ బ్యాలెన్సర్ మీదుగా కిల్ పంపితే అది ఇంకో సర్వర్‌కు చేరే ప్రమాదం ఉండేది, గ్లోబల్ కిల్ డిఫాల్ట్ అయ్యాక అది పోయింది.

బరంపురం_ఆప్స్:

ఇప్పుడు మిగిలింది ఎంత కాలం అన్నదే. నేనైతే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌కు 30 సెకన్లు అంటాను. ఒక కాటా ఎంట్రీ ట్రాన్సాక్షన్‌కు అంతకంటే ఎక్కువ పట్టడానికి వీల్లేదు.

వంశధార (గుణుపురం):

మా ప్రోగ్రామ్‌లో ఆపరేటర్ లాట్ తెరవగానే బిగిన్ అవుతుంది, తేమ శాతం, బస్తాల సంఖ్య టైప్ చేసి సేవ్ కొట్టాకే కమిట్. లారీ కాటా మీదకి ఎక్కే లోపు నాలుగైదు నిమిషాలు పడుతుంది. 30 సెకన్లు పెడితే రోజంతా ఎర్రర్లే.

నాగావళి (రాయగడ):

మనిషి టైప్ చేసేంతసేపూ ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచడమే మొత్తం గొడవకు మూలం. లాట్ తెరిచేటప్పుడు ఉత్తినే చదవండి, వరసలో ఒక వెర్షన్ నంబర్ పెట్టుకోండి. సేవ్ కొట్టినప్పుడు బిగిన్, 'ఈ వెర్షన్ ఇంకా అదే అయితేనే' అన్న షరతుతో అప్‌డేట్, కమిట్. మొత్తం కొన్ని మిల్లీసెకన్ల పని. అప్‌డేట్ అయిన వరసలు సున్నా వస్తే, మీరు తెరిచాక ఇంకెవరో మార్చారని ఆపరేటర్‌కు చెప్పండి.

అది మారేదాకా 30 సెకన్లు పెట్టకండి. బరంపురం గారు చెప్పిన షరతుల స్క్రిప్టు, అంటే మూలమై ఉండి, రెండు నిమిషాలు దాటి, వెనక ఎవరైనా ఆగి ఉంటేనే కొట్టేది, ఈ మధ్యకాలానికి నేనూ ఒప్పుకుంటాను. వెనక ఎవరూ లేని నాలుగు నిమిషాల ఎంట్రీని అది ముట్టుకోదు. సెట్టింగ్‌కు ఆ తెలివి లేదు.

బరంపురం_ఆప్స్:

ఆ స్క్రిప్టు ముట్టుకోకూడనివి కూడా రాసి పెట్టుకుందాం. ఆటోవాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ తనే నడిపే ఊడ్పు) 'టు ప్రివెంట్ రాప్‌ఎరౌండ్' అని కనిపిస్తే కొట్టకూడదు, కొట్టినా మళ్లీ మొదలవుతుంది. క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీని మధ్యలో ఆపితే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ మిగిలిపోతుంది, అది రాతలకు బరువు, చదవడానికి పనికిరాదు. షార్డులు తరలించే రీబ్యాలెన్స్ జోలికీ పోవద్దు. పెద్ద అప్‌డేట్‌ను ఆపితే పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌బ్యాక్ చప్పున అయిపోతుంది గానీ చచ్చిన వరసలు టేబుల్‌లోనే ఉంటాయి, ఆ తర్వాత వాక్యూమ్ చెయ్యాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

దానికి టూ ఫేజ్ కమిట్ (అన్ని వర్కర్లూ ముందు ప్రిపేర్ అయ్యి, ఆ తర్వాత కమిట్ చేసే పద్ధతి) కూడా కలపండి. ఒకటికి మించిన వర్కర్లలో రాసే ట్రాన్సాక్షన్ ప్రిపేర్ అయ్యాక నోడ్ పడిపోతే లాక్ ఉంటుంది, సెషన్ ఉండదు. యాక్టివిటీలో ఎంత వెతికినా దొరకదు, పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్‌లో 'సైటస్' అని మొదలయ్యే పేరుతో ఉంటుంది. సైటస్ నిమిషానికోసారి తనే సర్దుకుంటుంది. తొందరపడి చేత్తో రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్ కొట్టకండి. కోఆర్డినేటర్‌లో పీజీ_డిస్ట్_ట్రాన్సాక్షన్ టేబుల్‌లో ఆ పేరు ఉంటే అది కమిట్ కావాల్సినది. ఒక వర్కర్‌లో బస్తాలు పడి, రెండో వర్కర్‌లో డబ్బు పడకపోతే ఆ రైతుకు సమాధానం చెప్పలేం. మరీ ఆలస్యమైతే రికవర్_ప్రిపేర్డ్_ట్రాన్సాక్షన్స్ ఫంక్షన్ పిలవండి.

స్క్రిప్టు లాగిన్ విషయం కూడా. బౌన్సర్ మీదుగా కాకుండా నేరుగా రావాలి. పీజీ_మానిటర్, పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ చాలు, సూపర్‌యూజర్ వద్దు. కనెక్షన్లు నిండినా దానికి చోటుండాలంటే 16 నుంచి రిజర్వ్‌డ్_కనెక్షన్స్ ఉంది, రెండో మూడో దానికి కేటాయించి, ఆ లాగిన్‌కు పీజీ_యూజ్_రిజర్వ్‌డ్_కనెక్షన్స్ రోల్ కూడా ఇవ్వండి. దాని స్టేట్‌మెంట్_టైమవుట్ 5 సెకన్లు. సైటస్_స్టాట్_యాక్టివిటీ ప్రతిసారీ అన్ని నోడ్‌లనూ పలకరిస్తుంది, ఒక వర్కర్ అందకపోతే వేలాడుతుంది. సెకనుకోసారి అడగడం వృథా భారం, 15 సెకన్లకోసారి చాలు. అన్ని నోడ్‌ల గడియారాలూ ఎన్‌టీపీతో కలిసి ఉండాలి. వర్కర్ వరసలో సమయాలు వర్కర్ గడియారానివి, వయసు లెక్క కట్టేది కోఆర్డినేటర్ గడియారంతో.

జయపురం_కోడ్:

తెగిన తర్వాత మా కోడ్ ఏం చెయ్యాలో కూడా తేలాలి కదా. స్టేట్‌మెంట్_టైమవుట్‌కూ క్యాన్సిల్‌కూ 57014 అన్న ఎర్రర్ కోడ్ వస్తుంది. లాక్_టైమవుట్‌కు 55పీ03, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌కు 25పీ03, టెర్మినేట్‌కు 57పీ01. అన్నిటికీ కళ్లు మూసుకుని మళ్లీ ప్రయత్నించు అని రాస్తే, కమిట్ వెళ్లి జవాబు రాకముందు తెగిన ఎంట్రీ రెండుసార్లు పడుతుంది. కాటా చీటీ నంబర్‌ను క్లయింట్ దగ్గరే తయారుచేసి, డిస్ట్రిబ్యూషన్ కాలమ్‌తో కలిపి యూనిక్ కీ పెడతాను. రెండోసారి వచ్చినది డూప్లికేట్ అని తిరగ్గొడుతుంది, అప్పుడది ముందే పడిందని లెక్క. రిపోర్టుకు 57014 వస్తే మాత్రం మళ్లీ నడపకుండా, తేదీలు తగ్గించమని స్క్రీన్ మీద చూపిస్తాను.

వంశధార (గుణుపురం):

సరే అయితే. ఈ వారమే బౌన్సర్ కీప్‌అలైవ్, రోల్ వారీ స్టేట్‌మెంట్_టైమవుట్ పెడతాం. బరంపురం గారి షరతుల స్క్రిప్టు ముందు కొన్నాళ్లు ఎవరినీ కొట్టకుండా, ఎవరిని కొట్టేదో మాత్రం రాసుకుంటుంది. ఆ జాబితా చూశాక టెర్మినేట్ తెరుస్తాం. ఎంట్రీ స్క్రీన్ ట్రాన్సాక్షన్ మార్చాక స్క్రిప్టు తీసేసి సెట్టింగ్‌కు మారతాం. ఒక్క సందేహం, ఆల్టర్ రోల్ చేశాం గానీ షో కొడితే పాత విలువే చూపిస్తోందేం?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఆల్టర్ రోల్ కొత్తగా తెరిచే సెషన్లకే వర్తిస్తుంది. బౌన్సర్ పాత సర్వర్ కనెక్షన్లను పట్టుకుని కూర్చుంది, సర్వర్_లైఫ్‌టైమ్ డిఫాల్ట్ 3600 సెకన్లు. అడ్మిన్ కన్సోల్‌లోకి వెళ్లి రీకనెక్ట్ కొట్టండి. నడుస్తున్న ట్రాన్సాక్షన్లను తెంచదు, ఒక్కో కనెక్షన్ ఖాళీ అవగానే మూసి కొత్తది తెరుస్తుంది. ఆ తర్వాత బౌన్సర్ మీదుగానే కాటా రోల్‌తో లాగిన్ అయ్యి షో స్టేట్‌మెంట్_టైమవుట్ అడగండి. 15 సెకన్లు అని రావాలి.